పాఠం చెప్పేవారి గుండెదడ

ఎలైన్ షోవాల్టర్ అమెరికాలో పేరున్న సాహిత్య విమర్శకురాలు. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో ఇంగ్లిష్ ప్రొఫెసర్‌గా పనిచేశారు. 1998లో మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్‌కు అధ్యక్షురాలు. సాహిత్యాన్ని ఎలా బోధించాలో వివరిస్తూ ఆమె రాసిన పుస్తకం 2003లో వచ్చింది. దశాబ్దాల అనుభవం ఉన్న ఆ ప్రొఫెసర్ తన పుస్తకంలో మొదటి అధ్యాయాన్ని అధ్యాపకుల భయానికే కేటాయించారు. పాఠం చెప్పేవాళ్లకు వచ్చే పీడకలల గురించి రాశారు. క్లాసుకు ఆలస్యమైపోతుంది, చేతిలో నోట్స్ ఉండవు, తీరా వెళ్లాక తనకు రాని సబ్జెక్టు చెప్పాల్సి వస్తుంది. ఆ తరహా కలలు.

హాల్ టికెట్ మరిచిపోయినట్టు, ప్రశ్నపత్రంలో ఒక్కటీ రానట్టు కలలు రావడం మనలో చాలామందికి అనుభవమే. ఆ ప్రశ్నపత్రం తయారుచేసే వాళ్లకూ అదే జాతి కలలు వస్తాయంటే ఆశ్చర్యపోతాం. లెక్చరర్ అనగానే మన మనసులో మెదిలే బొమ్మ వేరు. చేతిలో మార్కులు, వెనక బోర్డు, ఎదురుగా నోరెత్తకుండా కూర్చున్న డెబ్బై మంది. భయమంటూ ఉంటే బెంచీల వైపే ఉండాలి కదా అనుకుంటాం.

1994లో క్రైటన్ యూనివర్సిటీ పరిశోధకులు గార్డ్‌నర్, లీక్ అమెరికన్ కాలేజీల్లో సైకాలజీ చెప్పే అధ్యాపకులను ఈ విషయం సూటిగా అడిగారు. పాఠం చెప్పే పనిలో ఎప్పుడో ఒకప్పుడు ఆందోళనకు లోనయ్యామని 87 శాతం మంది ఒప్పుకున్నారు. వాళ్లంతా మనిషి మనసు గురించి పాఠాలు చెప్పేవాళ్లు. ఆందోళన ఎలా పుడుతుందో, దాన్ని ఎలా తగ్గించుకోవాలో పుస్తకాల్లో చదివినవాళ్లు. ఆ చదువు వాళ్లను కాపాడలేదు.

లక్షణాలు అందరికీ తెలిసినవే. క్లాసుకు పావుగంట ముందు నుంచే గుండె వేగం పెరుగుతుంది. నోరెండిపోతుంది, అరచేతులు చెమర్చుతాయి, బోర్డు మీద రాస్తుంటే వేళ్లు వణుకుతాయి. కొందరికి ముందు రాత్రి నిద్ర పట్టదు. కొందరు రెండు గంటల పాఠానికి ఎనిమిది గంటలు తయారై, అయినా ఏదో మిగిలిపోయిందన్న దిగులుతో క్లాసులోకి వెళ్తారు. ఇరవై ఏళ్ల సర్వీసు తర్వాత కూడా కొత్త విద్యాసంవత్సరం మొదటి రోజు కడుపులో తిప్పినట్టుందనే వాళ్లున్నారు. ఇందులో కొంత మామూలే, అవసరం కూడా. కొద్దిపాటి కంగారు లేకపోతే తయారీ ఉండదు. ఆ కంగారే రోజూ వెంటాడి, నిద్రను, ఉద్యోగం మీద ఇష్టాన్ని తినేస్తే అది పట్టించుకోవాల్సిన సమస్య.

దీని మూలం అర్థం కావాలంటే జర్మనీలోని ట్రియర్ నగరానికి వెళ్లాలి. 1993లో ఆ ఊరి యూనివర్సిటీలో కిర్ష్‌బౌమ్, పిర్కే, హెల్‌హామర్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఒక ప్రయోగ పద్ధతిని ప్రకటించారు. మనిషిలో ఒత్తిడిని నమ్మకంగా, ప్రతిసారీ ఒకేలా పుట్టించడం ఎలాగన్నది వాళ్ల ప్రశ్న. కరెంటు షాకులు, చల్లటి నీళ్లు వాళ్లకు అక్కర్లేకపోయాయి. ఒక గదిలో ముగ్గురు పరిశీలకులను కూర్చోబెట్టారు. వచ్చిన మనిషి వాళ్ల ముందు నిలబడి ఫలానా ఉద్యోగానికి తానెందుకు తగినవాడో ఐదు నిమిషాలు మాట్లాడాలి. తర్వాత 1,022 నుంచి పదమూడు పదమూడు తీసేస్తూ పైకి లెక్కపెట్టాలి. తప్పితే మళ్లీ మొదటికి. ఇంతసేపూ పరిశీలకులు నవ్వరు, తలాడించరు, మొహంలో ఏ భావమూ కనిపించనివ్వరు. అంతే. ఒత్తిడి హార్మోనైన కార్టిసాల్ మామూలు స్థాయి కన్నా రెండు నుంచి నాలుగు రెట్లకు చేరింది. ఇవాళ ప్రపంచమంతటా ఒత్తిడి పరిశోధనల్లో వాడే ట్రియర్ పరీక్ష ఇదే.

పదకొండేళ్ల తర్వాత, 2004లో, కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన డికర్‌సన్, కెమెనీ అలాంటి 208 ప్రయోగాల ఫలితాలను ఒకచోట చేర్చి చూశారు. ఏ రకం పని చేయిస్తే కార్టిసాల్ ఎక్కువగా పెరుగుతోంది? జవాబు తేటగా వచ్చింది. తన గురించి ఇతరులు తీర్పు చెబుతున్నారన్న స్పృహ, ఆ ఫలితం తన చేతిలో లేదన్న భావన. ఈ రెండూ కలిసినచోట శరీరం అన్నిటికన్నా గట్టిగా స్పందిస్తోంది.

కొత్త లెక్చరర్ మొదటి సెమిస్టర్‌ను ఈ వెలుగులో చూడాలి. ఎదురుగా భావం తెలియని డెబ్బై మొహాలు. వాళ్లకు అర్థమవుతోందో లేదో తెలియదు. బాగా చెప్పానో లేదో చెప్పే తోటివారు ఎవరూ గదిలో ఉండరు. సిలబస్ తాను రాసింది కాదు, సెక్షన్ సైజు తాను నిర్ణయించింది కాదు, విద్యార్థులు ఏ పునాదితో వచ్చారో తన చేతిలో లేదు. చివర్లో మార్కులు వేసేది మాత్రం తనకే. ఈ భయాన్ని పిరికితనమనో స్వభావమనో తోసేసేవాళ్లు ఆ గదిని ఎలా కట్టారో చూడటం లేదు. మొహమాటస్తులకు, బిడియం ఎక్కువున్నవాళ్లకు బాధ కాస్త ఎక్కువే. అయినా ఈ ఆందోళనలో పెద్ద భాగం ఉద్యోగం నడిచే తీరులోంచే పుడుతోంది. మన యూనివర్సిటీలు, కాలేజీలు ఏళ్ల తరబడి ఆ తీర్పులను పెంచుతూ, అధ్యాపకుడి చేతిలోని పట్టును తగ్గిస్తూ వచ్చాయి.

మొదటి లోపం శిక్షణలోనే ఉంది. ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించాలంటే డీఎడ్ కావాలి. పదో తరగతికి లెక్కలు చెప్పాలంటే బీఎడ్ చేయాలి, టీచింగ్ ప్రాక్టీసులో నిజమైన పిల్లల ముందు పాఠాలు చెప్పి, వెనక కూర్చున్న పరిశీలకుల దగ్గర తప్పులు దిద్దించుకోవాలి. యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే పీజీలో మార్కులతో పాటు నెట్, సెట్ అనే అర్హత పరీక్షల్లో ఒకటి లేదా పీహెచ్‌డీ ఉండాలి. నెట్ మొదటి పేపర్లో బోధనా సామర్థ్యం మీద ప్రశ్నలుంటాయి, నాలుగు జవాబుల్లోంచి ఒకటి ఎంచుకునే పద్ధతిలో. ఒక్కసారైనా క్లాసులో నిలబడి పాఠం చెప్పి చూపించాలన్న అర్హత ఎక్కడా లేదు. ఇంటర్వ్యూలో పది నిమిషాల డెమో క్లాసు ఉంటే ఉన్నట్టు. పీహెచ్‌డీ విద్యార్థులకు బోధనలోనూ శిక్షణ ఇవ్వాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నిబంధనల్లో పెట్టింది. మంచి మాటే. అమలు డిపార్ట్‌మెంట్ల ఓపిక మీద ఆధారపడి ఉంది.

ఈ నిర్లక్ష్యానికి చాలా పాత చరిత్ర ఉంది. ఐజాక్ న్యూటన్ 1669లో, 26 ఏళ్ల వయసులో, కేంబ్రిడ్జ్‌లో లుకాసియన్ ప్రొఫెసర్ అయ్యాడు. ఆయన పాఠాలకు వచ్చేవాళ్లు తక్కువ, అర్థం చేసుకునేవాళ్లు ఇంకా తక్కువ అని, వినేవాళ్లు లేక ఒక్కోసారి గోడలకే పాఠం చదివి వచ్చేవాడని ఆయన దగ్గర లేఖకుడిగా పనిచేసిన హంఫ్రీ న్యూటన్ రాసిపెట్టాడు. విశ్వవిద్యాలయం దాన్ని లోపంగా చూడలేదు. విషయం తెలిసినవాడికి చెప్పడం దానంతటదే వస్తుందన్న నమ్మకం అక్కడి నుంచి మన దాకా వచ్చింది. న్యూటన్‌ను ఫీడ్‌బ్యాక్ ఫారాలు, పాస్ పర్సెంటేజీలు అడిగినవాళ్లు లేరు. నేటి లెక్చరర్‌కు శిక్షణా లేదు, ఆ వెసులుబాటూ లేదు.

మన దేశంలో 1986 జాతీయ విద్యావిధానం ఈ లోటును గుర్తించింది. ఆ మరుసటి ఏడాది నుంచి యూజీసీ అకడమిక్ స్టాఫ్ కాలేజీలు తెరిచింది. తర్వాత అవి మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలయ్యాయి, 2023 నుంచి మాలవీయ మిషన్ పేరుతో నడుస్తున్నాయి. ఉస్మానియా, హైదరాబాద్ సెంట్రల్, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీల్లో ఇలాంటి కేంద్రాలున్నాయి. ఓరియెంటేషన్, రిఫ్రెషర్ కోర్సులకు వెళ్లొచ్చిన అధ్యాపకుల్లో చాలామంది అక్కడ దొరికిన స్నేహాల గురించి ఇష్టంగా చెబుతారు. కాకపోతే చాలామంది అక్కడికి వెళ్లేది ప్రమోషన్‌కు సర్టిఫికెట్ అవసరమైనప్పుడు. అప్పటికి క్లాసులో నాలుగైదేళ్లు ఒంటరిగా గడిచిపోయి ఉంటాయి. అవసరం తీవ్రంగా ఉన్న మొదటి మూడు నెలల్లో పలకరించే దిక్కుండదు.

ఆ మొదటి రోజుల్లో మనసులో ఏం జరుగుతుందో శ్రద్ధగా విన్నవారు ఫ్రాన్సిస్ ఫుల్లర్. టెక్సస్ యూనివర్సిటీలో టీచర్ ట్రైనింగ్ విద్యార్థులతో ఆమె కౌన్సెలింగ్ సమావేశాలు జరిపించి, వాళ్లు ఏ వారం దేని గురించి దిగులుపడుతున్నారో నమోదు చేయించారు. 1969లో ప్రకటించిన వ్యాసంలో ఆమె చెప్పిన వరస ఇప్పటికీ చదవదగ్గది. మొదట్లో దిగులంతా తన గురించే. నేను వాళ్లకు నచ్చుతానా? అల్లరి చేస్తే అదుపు చేయగలనా? నాకు ఇంత వచ్చా? కొంతకాలానికి దృష్టి పని మీదికి మళ్లుతుంది. ఈ పాఠం ఎలా చెప్పాలి, టైమ్ సరిపోతుందా? చాలా తర్వాత గానీ విద్యార్థుల మీదికి రాదు. ఫలానా అమ్మాయికి ఎందుకు అర్థం కావడం లేదు? నేను చెప్పింది వీళ్లకు దేనికి పనికొస్తుంది?

ఈ ప్రయాణం అందరికీ పూర్తికాదు. ప్రతి ఏడూ కొత్త సబ్జెక్టు, కొత్త కాలేజీ, కొత్త కాంట్రాక్ట్ రెన్యువల్ ఎదురయ్యేవాళ్లు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు.

దృష్టి తన మీది నుంచి విషయం మీదికి మళ్లితే ఏమవుతుందో చెప్పడానికి రిచర్డ్ ఫైన్‌మన్ అనుభవం ఒకటుంది. ప్రిన్స్‌టన్‌లో పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు ఆయన తన మొట్టమొదటి సెమినార్ ఇవ్వాల్సి వచ్చింది. వినడానికి వచ్చినవాళ్లలో ఐన్‌స్టైన్, పౌలి, ఫాన్ నాయ్‌మన్ ఉన్నారు. కవరులోంచి నోట్స్ తీస్తుంటే చేతులు వణికాయని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. మాట్లాడటం మొదలుపెట్టి భౌతికశాస్త్రంలో పడగానే ఎదురుగా ఎవరున్నారన్నది గుర్తే లేదట, భయమూ పోయిందట. అదే ఫైన్‌మన్ 1961 నుంచి 1963 దాకా కాల్‌టెక్‌లో ఇచ్చిన ఉపన్యాసాలు పుస్తకాలుగా వచ్చి ప్రపంచమంతా చదివింది. ముందుమాటలో మాత్రం ఆయన, విద్యార్థుల వైపు నుంచి చూస్తే తాను పెద్దగా సాధించలేదేమోనని నిరాశగా రాశారు. తన గురించిన భయం పోయినా, వాళ్లకు చేరిందా అన్న దిగులు అంతటివాడికీ మిగిలింది. ఆ రెండో దిగులు అధ్యాపకుడికి ఉండాల్సిందే. దానికి చోటు దొరకాలంటే మొదటి భయం తగ్గాలి.

మొదటి భయంలో పెద్ద వాటా ‘నాకు నిజంగా వచ్చా’ అన్న సందేహానిది. జార్జియా స్టేట్ యూనివర్సిటీలో పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ 1978లో దీని మీద రాశారు. డిగ్రీలు, గుర్తింపు ఉన్న ప్రతిభావంతులైన స్త్రీలు కూడా తమ విజయం పొరపాటున దక్కిందని, ఎప్పుడో ఒకరోజు బండారం బయటపడుతుందని లోలోపల భయపడటం వాళ్లు గమనించారు. పురుషుల్లోనూ అది ఉందని తర్వాతి పరిశోధనలు చూపించాయి. ఏళ్ల తరబడి ఒక చిన్న అంశం మీద పీహెచ్‌డీ చేసినవాళ్లను తీసుకెళ్లి మొదటి ఏడాది విద్యార్థులకు సబ్జెక్టు మొత్తం చెప్పమంటే ఆ సందేహం రాకుండా ఎలా ఉంటుంది?

తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ కాలేజీల్లో దీనికి కొత్త రూపం వచ్చింది. మెకానికల్, సివిల్ సీట్లు తగ్గి కంప్యూటర్ సైన్సు, డేటా సైన్సు, ఏఐ సెక్షన్లు పెరిగాయి. ఉద్యోగం నిలబెట్టుకోవడానికి కోర్ బ్రాంచీల లెక్చరర్లు కొందరు తాము ఎప్పుడూ చదవని సబ్జెక్టులు చెబుతున్నారు. రాత్రి వీడియోల్లో నేర్చుకున్నది పొద్దున క్లాసులో చెప్పాలి. ఎదురుగా ఉన్న పిల్లల్లో ఇద్దరు ముగ్గురు అదే వీడియో ముందే చూసి ఉండొచ్చు, ఫోన్‌లో అప్పటికప్పుడు సరిచూడొచ్చు. ‘తెలియదు, చూసి చెబుతాను’ అనే మాట ధైర్యంగా అనగలిగితే సగం బరువు దిగుతుంది. సార్‌కు అన్నీ తెలియాలని నమ్మే చోట ఆ మాట నాలుక చివరే ఆగిపోతుంది.

భాష ఇంకో ముడి. తెలుగు మీడియంలో చదివి, ఇంట్లోనూ స్టాఫ్ రూమ్‌లోనూ తెలుగే మాట్లాడే లెక్చరర్ క్లాసులో మాత్రం ఇంగ్లిష్‌లో బోధించాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2021–22 నుంచి డిగ్రీ చదువులను ఇంగ్లిష్ మీడియంలోకి మార్చాలని ప్రభుత్వం నిర్ణయించినప్పుడు విద్యార్థుల ఇబ్బంది గురించి చాలా చర్చ జరిగింది. ఏళ్లుగా చరిత్ర, రాజనీతిశాస్త్రం, వాణిజ్యశాస్త్రం తెలుగులో అద్భుతంగా చెప్పిన అధ్యాపకుల గురించి అంతగా జరగలేదు. రాని భాషలో పాఠం చెబుతున్నప్పుడు మెదడు రెండు పనులు ఒకేసారి చేస్తుంది. విషయాన్ని క్రమంలో పెట్టడం ఒకటి, వాక్యాన్ని తప్పు లేకుండా కట్టడం ఇంకొకటి. ఈ రెండో పని పెరిగేకొద్దీ ఉదాహరణలు, పిట్టకథలు, అప్పటికప్పుడు పుట్టే చమత్కారం మాయమవుతాయి. మిగిలేది పుస్తకంలోని వాక్యమే.

అమెరికాలో ఎంఎస్, పీహెచ్‌డీ చేస్తూ టీచింగ్ అసిస్టెంట్లుగా క్లాసులు తీసుకునే తెలుగు పిల్లలకు ఈ భయం మరో దిక్కు నుంచి వస్తుంది. తమ ఉచ్చారణ అక్కడి విద్యార్థులకు అర్థం కాదేమోనని. 1992లో జార్జియా యూనివర్సిటీకి చెందిన డొనాల్డ్ రూబిన్ ప్రకటించిన ప్రయోగాన్ని వాళ్లు తప్పక తెలుసుకోవాలి. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న అమెరికన్ మహిళ రికార్డు చేసిన పాఠాన్నే విద్యార్థులందరికీ వినిపించారు. వింటున్నప్పుడు కొందరికి తెల్లజాతి మహిళ ఫొటో, కొందరికి ఆసియా మహిళ ఫొటో చూపించారు. ఆసియా ముఖం చూసినవాళ్లలో కొందరికి లేని యాస వినిపించింది, పాఠం గుర్తుండటమూ తగ్గింది. గొంతు ఒక్కటే, మారింది బొమ్మ. ఎంత సాధన చేసినా ఆ లెక్చరర్ దిద్దుకోలేని లోపం అది. లోపం తన దగ్గర లేదు గనుక.

తీర్పుల మాట వచ్చింది కాబట్టి ఫీడ్‌బ్యాక్ ఫారాల దగ్గర కాసేపు ఆగాలి. విద్యార్థుల చేత అధ్యాపకులకు రేటింగ్ వేయించడం అమెరికాలో 1920లలోనే మొదలైంది. పర్‌డ్యూ యూనివర్సిటీలో హెర్మన్ రెమ్మర్స్ దానికోసం కొలమానమే తయారుచేశారు. మన దగ్గర కాలేజీల నాణ్యతను అంచనా వేసే న్యాక్ గుర్తింపుతో అది ఊపందుకుంది, 2017లో మార్చిన విధానంలో విద్యార్థుల సంతృప్తి సర్వే తప్పనిసరి భాగమైంది. విద్యార్థుల మాట వినడం అవసరం. తరగతి గదిలో ఏం జరుగుతోందో వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. చిక్కంతా ఆ ఫారం దేన్ని కొలుస్తోందన్న దగ్గరే.

హార్వర్డ్‌లో 2019లో జరిగిన ప్రయోగం దీనికి మంచి ఉదాహరణ. లూయీ దెలోరియే బృందం భౌతికశాస్త్రం విద్యార్థులను రెండు గుంపులు చేసింది. ఒక గుంపు సాఫీగా సాగే ఉపన్యాసం వింది. ఇంకో గుంపు అదే పాఠాన్ని తామే లెక్కలు చేస్తూ, చర్చిస్తూ, తడబడుతూ నేర్చుకుంది. పరీక్షలో రెండో గుంపుకే ఎక్కువ మార్కులు. ఎంత నేర్చుకున్నట్టు అనిపించిందని అడిగితే మాత్రం ఉపన్యాసం విన్నవాళ్లే ఎక్కువ నేర్చుకున్నామన్నారు. కష్టపడి నేర్చుకుంటున్నప్పుడు మనసుకు సుఖంగా ఉండదు, ఆ అసౌకర్యం లెక్చరర్ ఖాతాలో పడుతుంది. రేటింగ్‌కు భయపడే లెక్చరర్ ఏ దారి ఎంచుకుంటారో వేరే చెప్పాలా?

నార్త్ కరొలైనా స్టేట్ యూనివర్సిటీలో మరో ప్రయోగం జరిగింది, 2015లో ప్రకటించారు. ఆన్‌లైన్ కోర్సులో ఇద్దరు సహాయ అధ్యాపకులు, ఒకరు పురుషుడు, ఒకరు స్త్రీ. ఇద్దరూ ఒక గుంపుకు తమ అసలు పేరుతో, మరో గుంపుకు రెండోవారి పేరుతో పాఠం చెప్పారు. దిద్దిన పేపర్లు అందరికీ ఒకే సమయానికి తిరిగిచ్చారు. సమయపాలనకు మగ పేరుకు ఐదింటికి 4.35, ఆడ పేరుకు 3.55 వచ్చింది. చిన్న అధ్యయనమే, నలభై చిల్లర మంది విద్యార్థులతో చేసింది. అయినా క్లాసులో అడుగుపెట్టేటప్పుడు మహిళా లెక్చరర్ల మీద అదనపు బరువు ఎందుకుంటుందో అది పట్టి చూపుతుంది. టొరంటోలోని అప్పటి రైర్సన్ యూనివర్సిటీలో విద్యార్థుల రేటింగుల మీద వచ్చిన వివాదంలో 2018లో మధ్యవర్తి విలియం కప్లన్, ప్రమోషన్లలో బోధనా సామర్థ్యానికి కొలతగా ఈ రేటింగులను వాడకూడదని తేల్చారు. మన కాలేజీల్లో ఆ చర్చ ఇంకా మొదలు కాలేదు. పైగా చాలా ప్రైవేటు కాలేజీల్లో రేటింగ్‌కు తోడు పాస్ పర్సెంటేజీ, అడ్మిషన్ల టార్గెట్ కూడా అదే లెక్చరర్ నెత్తిన ఉంటాయి.

వీటన్నిటినీ రెట్టింపు చేసేది ఉద్యోగం నిలకడగా లేకపోవడం. ఆంధ్రప్రదేశ్ యూనివర్సిటీల్లో అకడమిక్ కన్సల్టెంట్లు, తెలంగాణలో కాంట్రాక్ట్ అసిస్టెంట్ ప్రొఫెసర్లు, రెండు చోట్లా పార్ట్‌టైమ్, గెస్ట్ లెక్చరర్లు. పేరు ఏదైనా పని ఒకటే, భరోసా మాత్రం లేదు. గెస్ట్ అధ్యాపకులకు క్లాసుకు 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండా ఇవ్వొచ్చని యూజీసీ 2019లో చెప్పింది. అంతకన్నా చాలా తక్కువకు, సెలవుల నెలల్లో ఏమీ లేకుండా పనిచేసేవాళ్లు ఎందరో. 2020లో కాలేజీలు మూతపడగానే జీతాలు ఆగిపోయి కూరగాయలు అమ్ముకున్న, ఉపాధి పనులకు వెళ్లిన ప్రైవేటు టీచర్లు, లెక్చరర్ల గురించి తెలుగు పత్రికలు రాశాయి. అలాంటి అనుభవం తర్వాత ఒక్క విద్యార్థి ఫిర్యాదు కూడా చిన్న విషయంగా కనిపించదు. ట్రియర్ ప్రయోగంలో ఉద్యోగం ఇవ్వండని చెప్పుకోవాల్సింది ఐదు నిమిషాలే. వీళ్లు ఏడాది పొడవునా చెప్పుకుంటూనే ఉంటారు.

నిబంధనలైనా నిలకడగా ఉన్నాయా అంటే అదీ లేదు. యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్లలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే పీహెచ్‌డీ తప్పనిసరి అన్నారు. ఆ గడువు 2021 నుంచి 2023కు జరిగింది. 2023 జూలైలో నెట్ లేదా సెట్ చాలు, పీహెచ్‌డీ తప్పనిసరి కాదన్నారు. పీహెచ్‌డీ కోసం అప్పులు చేసి, పాఠాల తయారీ పక్కనపెట్టి థీసిస్ పూర్తిచేసినవాళ్ల సంగతి ఆలోచించాలి. యూజీసీ లెక్కన అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటలు నేరుగా బోధన, మొత్తం పని 40 గంటలు. ప్రశ్నపత్రాలు, వాల్యుయేషన్, న్యాక్ ఫైళ్లు, పరిశోధన వ్యాసాలు ఆ మిగతా గంటల్లోనే ఇరికించాలి. కోతపడేది ఎప్పుడూ పాఠం తయారీకే. తయారు కాకుండా క్లాసుకు వెళ్లేవాళ్లకు భయం వేయడంలో తప్పేముంది?

ఈ భయం ఖరీదు చివరికి కట్టేది విద్యార్థులు. భయపడిన లెక్చరర్ ప్రశ్నలు రాకుండా చూసుకుంటారు. నోట్స్ డిక్టేట్ చేస్తారు, పీపీటీ తెర మీదున్నది ఉన్నట్టు చదువుతారు, వెనక్కి తిరిగి బోర్డుతో మాట్లాడతారు. లేదా అతిగా కరకుగా ఉంటారు, ఎవరూ నోరెత్తకుండా. తెలుగు నేల మీద తరాల తరబడి విద్యార్థులు ‘ఆ సార్ క్లాసు వేస్టు’ అని తేల్చేసిన క్లాసుల్లో కొన్నిటికైనా వెనక ఉన్నది బద్ధకం కాదు, భయం.

కొంత ఉపశమనం తేలిగ్గానే దొరుకుతుంది. 2003లో సావిట్‌స్కీ, గిలోవిచ్ అనే పరిశోధకులు ప్రసంగాలు ఇచ్చే విద్యార్థులతో ఒక చిన్న ప్రయోగం చేశారు. మనలోని కంగారు ఎదుటివాళ్లకు స్పష్టంగా కనిపించిపోతోందని మనం అనుకుంటాం, నిజానికి అందులో కొద్దిగానే కనిపిస్తుంది. ఈ సంగతిని ముందుగా చెప్పినవాళ్లు మిగతావాళ్లకన్నా బాగా మాట్లాడారు, విన్నవాళ్లూ అదే మాటన్నారు. హార్వర్డ్‌లో అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో చూపింది ఇంకొకటి. దడ పుట్టినప్పుడు శాంతంగా ఉండమని మనసుకు చెప్పుకోవడం కన్నా, ఇది ఉత్సాహమని పైకి అనుకోవడం మేలు. గుండె వేగాన్ని ఆపడం కష్టం, దానికి వేరే పేరు పెట్టడం సులువు. నెలల తరబడి నిద్రపట్టకపోతే, క్లాసు తప్పించుకోవడానికి సెలవులు పెట్టే దాకా వస్తే, సొంత చిట్కాలతో ఆగకుండా డాక్టర్‌ను గానీ సైకాలజిస్టును గానీ కలవాలి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు.

సంస్థలు చేయాల్సింది దీనికన్నా ఎక్కువ, ఖర్చు మాత్రం పెద్దగా లేదు. బ్రిటన్‌లో 1997 నాటి డియరింగ్ నివేదిక తర్వాత కొత్త లెక్చరర్లు బోధనలో సర్టిఫికెట్ కోర్సు చేయడం మామూలైపోయింది. నార్వేలో అధ్యాపకులకు కనీసం 200 గంటల బోధనా శిక్షణ ఉండాలి. మన మాలవీయ కేంద్రాలు ఆ పనికి సిద్ధంగానే ఉన్నాయి. ప్రమోషన్ దాకా ఆగకుండా చేరిన మొదటి సెమిస్టర్లోనే పంపాలి, గెస్ట్, కాంట్రాక్ట్ వాళ్లను కూడా. సెమిస్టర్ మధ్యలో విద్యార్థుల దగ్గర రెండు ప్రశ్నలు రాయించుకుని, ఆ కాగితాలు ఆ లెక్చరర్ ఒక్కరే చదువుకునేలా చూస్తే, అప్పుడు ఫీడ్‌బ్యాక్ దిద్దుకోవడానికి పనికొస్తుంది. సీనియర్లు జూనియర్ల క్లాసులో, జూనియర్లు సీనియర్ల క్లాసులో, మార్కులూ రిపోర్టులూ లేకుండా, వెనక బెంచీలో కూర్చుని వినే అలవాటు పెట్టొచ్చు. అన్నిటికన్నా ముందు టైమ్‌టేబుల్. చాలా డిపార్ట్‌మెంట్లలో పెద్ద సెక్షన్లు, మధ్యాహ్నం పీరియడ్లు, ఎవరికీ అక్కర్లేని పేపర్లు కొత్తగా చేరినవాళ్లకే పడతాయి. మొదటి ఏడాది వాళ్లకు తమ సొంత సబ్జెక్టు, రెండు పేపర్లకు మించకుండా, చిన్న సెక్షన్లతో ఇవ్వడం హెచ్‌ఓడీ చేతిలో ఉన్న పనే, వచ్చే సెమిస్టర్ నుంచే చేయొచ్చు.